యముడు రాని మెట్లు

మా ఇంటి మెట్లకు లెక్క కట్టింది నేను. కట్టిన మెట్లు మాత్రం నా లెక్కవి కావు. ఈ మాట ఎవరితో అన్నా "పోనీలే, ఇప్పుడెందుకు అదంతా" అంటారు. ఎందుకంటే నాకు చెప్పాలని ఉంది కాబట్టి. ఇన్నేళ్ళు అందరి మాటా నేను విన్నాను, ఒక్కసారి నా మాట వింటే ఎవరి సొమ్మూ పోదు.

మాది చిత్తూరు. బెల్లం వ్యాపారం. ఇంటి ముందు భాగమంతా మండీ, వెనక మూడు గదుల్లో మా కాపురం. బంగారుపాళ్యం వైపు నుంచీ, చుట్టుపక్కల పల్లెల నుంచీ రైతులు బండ్ల మీద బెల్లం తెచ్చి మా ముంగిట్లో దించేవాళ్ళు. కాటా దగ్గర హమాలీల అరుపులు, బేరాలు, ఈగలు, కాలు పెడితే అంటుకునే నేల. వాటన్నిటి మధ్యలోంచి నేను రోజూ ఉద్యోగానికి పోయేదాన్ని. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుని.

నా ఎడమకాలు పసితనంలోనే పోయింది. జ్వరం వచ్చిందట, తగ్గిందట, తగ్గాక చూస్తే కాలు వేలాడుతోందట. పోలియో. కాలుంది గానీ అందులో బలం లేదు. మోకాలి పైన చెయ్యి పెట్టి నొక్కి పట్టుకుంటే నిలబడుతుంది. చదును నేల మీద అలాగే నొక్కుకుంటూ ఎంత దూరమైనా నడుస్తాను. మెట్టు దగ్గరే నాకూ దానికీ తగువు. కుడికాలు ముందు ఎక్కుతుంది, దాని వెనక ఎడమకాలిని నడుముతో ఎత్తి పైకి లాగాలి. నడుము ఎంత లేస్తే కాలు అంతే లేస్తుంది. దానికి నేను ఎంత బతిమాలినా ఒకటే, తిట్టినా ఒకటే.

నన్ను చదివించింది మా నాయనే. అది చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. కుంటిపిల్లకు చదువెందుకని బంధువులంతా నవ్వుతుంటే, సైకిలు ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి, నన్ను కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయాడు. తిరుపతిలో హాస్టల్లో పెట్టి డిగ్రీ చదివించాడు, ఆ తర్వాత బి.ఎడ్. కూడా. నాకు ఉద్యోగం వచ్చిన రోజు వీధిలో ఇల్లిల్లూ తిరిగి బెల్లం పంచాడు. మొదటిరోజు నేను రిక్షాలో పోతుంటే, ఎవరూ చూడకూడదని కాస్త దూరంగా సైకిలు తొక్కుకుంటూ స్కూలు గేటు దాకా వచ్చి వెనక్కి పోయాడు. నేను చూశాను. అందుకే ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు కోపం ఎక్కువవుతుంది గానీ తగ్గదు.

డెబ్భైల చివర్లో మండీ బాగా పెరిగింది. నాయన కాస్త పక్కకు తప్పుకుని పెత్తనం అన్న చేతికి ఇచ్చాడు. అన్నకు చోటు చాలలేదు. వెనక గదులు కూడా మండీకి కలిపేసి, పైన మిద్దె మీద మూడు గదులు వేసుకుని, కాపురం అక్కడికి మార్చేద్దామన్నాడు. గదులు లేచాయి. అంతవరకూ మిద్దె మీదికి ఒక ఇనుప నిచ్చెన మాత్రమే ఉండేది. ఇప్పుడు మెట్లు కావాలి. కాంక్రీటు మెట్లు వేస్తే పాత సున్నపు గోడ ఆ బరువు మోయదని మేస్త్రీ తేల్చేశాడు. కట్టెతోనే కట్టించాలన్నారు.

అప్పుడు నేను నోరు తెరిచాను. గదులు ఎన్ని, వంటిల్లు ఎటువైపు అన్నప్పుడు ఎవరూ నన్ను అడగలేదు, నేనూ మాట్లాడలేదు. మెట్ల సంగతి మాత్రం నాదన్నాను. రోజూ దిగి ఉద్యోగానికి పోవలసింది నేను. నేను దిగలేని మెట్లు కడితే నా ఉద్యోగం పోయినట్టే. ఈ మాట నాయనతో, అన్నతో, అమ్మతో విడివిడిగా చెప్పాను. ముగ్గురూ తల ఊపారు.

నా కాలు ఎంత లేస్తుందో ముందు తేల్చుకున్నాను. పైగదులు కట్టగా మిగిలిన ఇటుకలు పెరట్లో పడి ఉన్నాయి. ఒక్కోటి మూడంగుళాల మందం. రెండు ఇటుకలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఎక్కాను. కాలు వచ్చింది. మూడు పేర్చాను. కుడికాలు పైన, ఎడమకాలు నేల మీద, మధ్యలో నేను గోడ పట్టుకుని. ఎంత గింజుకున్నా కాలు రాలేదు. నాయన అక్కడే నిలబడి చూశాడు. దిగేందుకు ఆయనే చెయ్యి ఇచ్చాడు. ఆరంగుళాలు నాది, తొమ్మిదంగుళాలు నాది కాదు. ఇంతకన్నా విడమరిచి చెప్పడానికి లేదు.

మెట్ల లెక్కలో చిన్న కిటుకుంది. మొత్తం ఎత్తును ఒక మెట్టు ఎత్తుతో భాగిస్తే వచ్చేది పలకల సంఖ్య కాదు, కాలు ఎన్నిసార్లు ఎత్తాలనేది. చివరిసారి ఎత్తిన కాలు పడేది పలక మీద కాదు, మిద్దె మీదే. అందుకని పలకలు ఎప్పుడూ ఒకటి తక్కువ. మాకు నేల నుంచి మిద్దె పైదాకా పదడుగుల ఆరంగుళాలు, అంటే నూట ఇరవై ఆరు అంగుళాలు. ఆరుతో భాగిస్తే ఇరవై ఒకటి. పలకలు ఇరవై. శేషం లేకుండా తెగే లెక్కంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఆ రోజు మా ఇంటి ఎత్తు కూడా నా పక్షమే అనుకుని పొంగిపోయాను.

తర్వాత కట్టె లెక్క. కాలు పెట్టే పలక మూడడుగుల పొడవు, పదంగుళాల వెడల్పు, అంగుళన్నర మందం. అలాంటివి ఇరవై అంటే ఆరుంపావు ఘనపుటడుగులు. పలకల్ని రెండు పక్కలా మోసే బారు చెక్కలు రెండు కావాలి. వాటి పొడవు ఎలా తెలియాలి? ఇరవై పలకలు నేల మీద పరుచుకుంటూ పోతే పదహారడుగుల ఎనిమిదంగుళాలు. ఈ పొడవు వర్గం, ఆ ఎత్తు వర్గం కలిపి వర్గమూలం తీస్తే ఇరవై అడుగులకు కాస్త తక్కువ. ఆ రెండింటికీ కలిపి అయిదున్నర. మొత్తం పన్నెండు లోపే, కోతలో పోయే తరుగు వేసుకుంటే పదమూడున్నర ఘనపుటడుగులు. పదో తరగతి పిల్లలకు ఇదే లెక్క బోర్డు మీద వేయించాను. మా ఇంటి మెట్లని చెప్పలేదు. ఒక ఇంటి మెట్లు అన్నాను.

వడ్రంగి ఆచారి వచ్చాడు. మా వీధి వాకిళ్ళన్నీ ఆయన చేసినవే. టేకు వద్దు, వేగిస కట్టె చాలు, రెండు తరాలు నిలబడుతుందన్నాడు. సంత లేని రోజు చూసి మండీ నేల కడిగించి, మిద్దె ఎత్తుకు దారం వేలాడదీసి కొలిచి, ఆ కొలతతోనే సుద్దతో నేల మీద మెట్లన్నీ అచ్చంగా గీశాడు. ఆయన పద్ధతి అది. భాగహారం లేదు, వర్గమూలం లేదు. గీయడం అయ్యాక చూస్తే నా లెక్కా ఆయన గీతా ఒక్కటే. పలకలు ఇరవై, బారు ఇరవై అడుగులకు కాస్త తక్కువ. ఆచారి నా మొహం చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడు నాయన లేచి వచ్చాడు.

మా వైపు మెట్లు లెక్కపెట్టేది ఒకటి, రెండు అని కాదు. మొదటి మెట్టు ఇంద్రుడు, రెండోది యముడు, మూడోది రాజు. మళ్ళీ ఇంద్రుడు, యముడు, రాజు. ఇలా ఎక్కుకుంటూ పోతే ఆఖరి మెట్టు ఇంద్రుడి మీద ఆగినా మంచిదే, రాజు మీద ఆగినా మంచిదే. యముడి మీద ఆగితే మాత్రం ఆ ఇంట్లో ఎవరూ కాలు పెట్టరు. బి.ఎస్సీ. చదివిన నాకూ ఇది తెలుసు. తెలిసి కూడా లెక్క వేసేటప్పుడు గుర్తుకు రాలేదు.

నాయన చెప్పులు విడిచి, సుద్ద గీతల మీద బొటనవేలితో ఒక్కొక్కటీ తాకుతూ పైకి నడిచాడు. పెదవులు కదులుతున్నాయి. ఇరవయ్యో గీత మీద ఆగి తల ఎత్తాడు. యముడు.

ఆచారి వెంటనే సర్దాడు. తమ పనిలో మిద్దె కూడా మెట్టు కిందే లెక్క అని, కాలు పడేదంతా మెట్టేనని, మిద్దెతో కలిపితే ఇరవై ఒకటై రాజు వస్తాడని చెప్పాడు. నాయన ఒప్పుకోలేదు.

"మిద్దె మిద్దే, మెట్టు మెట్టే. నువ్వు సేసేది ఎన్నప్పా? ఇరవై. ఆఖర్న యముడి నెత్తిన కాలు పెట్టి నా బిడ్డ ఎక్కల్నా?"

నా బిడ్డ. ఆ మాట విన్నప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు తలచుకుంటే పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

నేను లెక్కలదాన్ని, నాకు దారి వెంటనే కనబడింది. ఇంకొక్క పలక వేస్తే ఇరవై ఒకటవుతాయి, పలకల మీదే రాజు వస్తాడు. ఒక్కో మెట్టు ఎత్తు ఆరంగుళాల కంటే కొంచెం తగ్గుతుంది కూడా, నా కాలికి అది ఇంకా సుఖం. శాస్త్రానికి శాస్త్రమూ నిలబడుతుంది. అదే చెప్పాను. అన్న అంతవరకూ కాటా మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నాడు. దిగి వచ్చి, ఇంకొక పలకంటే ఇంకో పదంగుళాలు ముందుకొస్తుందని, ఇప్పటికే సగం మండీని మెట్లే మింగేస్తున్నాయని, బస్తాలు తన నెత్తిన పెట్టుకోవాలా అని అడిగాడు. ఒకటి పెంచడం ఎందుకు, ఒకటి తగ్గిస్తే ఇంద్రుడు వస్తాడు కదా అన్నాడు.

పంతొమ్మిది. నిజమే, ఇంద్రుడే. నేను మనసులో భాగించి చూసుకున్నాను. మెట్టు ఆరంగుళాల పైన ఇంకో పావంగుళం చిల్లర అవుతుంది. అంత మాత్రం నడుము లేపగలను. సరేనన్నాను. నాయన ఊపిరి పీల్చుకుని చెప్పులు వేసుకున్నాడు. ఆచారి పాత గీతలు తుడిచి కొత్తవి గీశాడు. అందరం కాఫీలు తాగాం. మూడేసి పలకలు తగ్గించుకుంటూ పోతే ప్రతిసారీ ఇంద్రుడే వస్తాడన్నది ఆ కాఫీ తాగేటప్పుడే మా అన్నకు తట్టి ఉంటుంది. చదువు అబ్బలేదని మా నాయన ఎప్పుడూ బాధపడే మా అన్న, లెక్కల్లో అంత మొద్దేమీ కాదు.

ఆ వేసవిలో నాకు పరీక్ష పేపర్లు దిద్దే పని తిరుపతిలో పడింది. చిన్నమ్మ ఇంట్లో దిగాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎర్రసిరా పెన్ను, ఎండ, చెమట. రాత్రి పడుకుంటే మెట్లే గుర్తొచ్చేవి. నేను తిరిగి పోయేసరికి అయిపోతాయని ఆచారి మాట ఇచ్చాడు. చేతిపట్టు ఎడమవైపు పెడతాడో, కుడివైపు పెడతాడో చెప్పిరాలేదే అని అదొక్కటే బెంగ. బస్సు దిగి రిక్షాలో ఇంటికి వచ్చేటప్పుడు కూడా ఆ చేతిపట్టు గురించే ఆలోచిస్తున్నాను. చూడండి నా తెలివి.

మెట్లు అయిపోయాయి. నూనె పట్టించి నిగనిగలాడుతున్నాయి. మొదటి పలకకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. చేతిపట్టు రెండువైపులా ఉంది. మెట్లు ఉండవలసిన చోట మూడోవంతు దాకా బెల్లం బస్తాలు పేర్చి ఉన్నాయి. మెట్లు ఆ బస్తాల వెనక నుంచి మొదలై నిటారుగా లేచి నిలబడ్డాయి. నేను సంచీ కూడా దించలేదు. దగ్గరకు పోయి కుడికాలు ఎత్తి మొదటి పలక మీద పెట్టాను. అంత పైకి ఎత్తవలసి రావడంతోనే నాకు తెలిసిపోయింది. కొలవడానికి జానా బెత్తా ఏమీ అక్కర్లేదు. మూడు ఇటుకలు.

నాయన పైనుంచి దిగి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"సూడు పాపా, యాడా యముడు లేడు. నువ్వే లెక్కపెట్టుకో."

లెక్కపెట్టాను. నాకు చేతనైనది అదొక్కటే కదా. పదమూడు పలకలు. ఇంద్రుడు. నూట ఇరవై ఆరును పద్నాలుగుతో భాగిస్తే తొమ్మిది. మళ్ళీ శేషం లేదు. దాదాపు ఆరడుగుల నేల మండీకి మిగిలింది.

"తొమ్మిదంగుళాలు నాయనా" అన్నాను. "నాకు కాలు రాదని నువ్వు సూసినావు గదా. నీ ముందరే గదా ఇటుకలు ఎక్కింది."

నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఎక్కిస్తాం లేమ్మా. మీ అమ్మ ఉండాది, మేమంతా ఉండాం. నిన్ను కిందనే వదిలేసి పోతామా?"

ఆచారి ఒక మూల కూర్చుని ఉలులు గుడ్డలో చుట్టుకుంటున్నాడు. నేను ఆయన వైపు తిరిగాను. పెద్దల మాట ప్రకారం చేశానని నేలకు చెప్పాడు, నాకు కాదు. ఒక్క పలక దగ్గర మిద్దె కూడా మెట్టేనని వాదించిన మనిషి, ఏడు పలకలు ఎగిరిపోతుంటే ఏం వాదించాడో నాకు ఎవరూ చెప్పలేదు.

వాళ్ళు నాతో బెల్లానికి చోటు చాలలేదని చెప్పి ఉంటే బాగుండేది. నేను పోట్లాడేదాన్ని. బెల్లం ముఖ్యమా, నా ఉద్యోగం ముఖ్యమా అని వీధి వినేలా అడిగేదాన్ని. అన్నకు సిగ్గు వేసేదో లేదో గానీ నాయనకు వేసేది. కానీ వాళ్ళు మధ్యలో ఇంద్రుణ్ణి తెచ్చి నిలబెట్టారు. ఇంద్రుడితో ఎవరు పోట్లాడతారు? పైగా ఆ ఇంద్రుడు వచ్చింది నా మంచి కోసమట, నేను యముడి మీద కాలు పెట్టకూడదని. ఆ రోజు రాత్రి అందరూ మెట్ల సంగతే మాట్లాడుకుంటూ భోంచేశారు. ఎంత చక్కగా కుదిరాయో అనుకున్నారు.

బడులు తెరిచారు. పొద్దున్నే అమ్మ నాకంటే ఒక మెట్టు కింద, నా వైపు తిరిగి నిలబడేది. అన్న వెనక నుంచి చంకల కింద చేతులు వేసి ఎత్తి దించేవాడు. ఒక మెట్టు. మళ్ళీ ఒక మెట్టు. సరిగ్గా బండ్లు వచ్చే వేళ అది. కింద హమాలీలు, రైతులు. మమ్మల్ని చూడగానే వాళ్ళంతా మాటలు ఆపి గోడవైపు తిరిగేవాళ్ళు. మర్యాదకే తిరిగేవాళ్ళు, ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆ మర్యాద నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలేది. నేను దిగడం అయ్యాక ఎవరో ఒకరు దగ్గి, మళ్ళీ బేరం మొదలుపెట్టేవాళ్ళు.

కూర్చుని దిగొచ్చు కదా అంటారు. దిగాను, కింద మగవాళ్ళు లేని మధ్యాహ్నాల్లో. కానీ ఇస్త్రీ చీర కట్టుకున్న టీచరు పొద్దున్నే అంతమంది ముందు కూర్చుని జారుకుంటూ దిగి, వెనకంతా దులుపుకుని, రిక్షా ఎక్కి పిల్లలకు పాఠం చెప్పడానికి పోవాలా? మీ ఇంటి ఆడవాళ్ళను పంపిస్తారా అలా? నాకు అంత గొప్ప మనసు లేదు. సిగ్గుంది.

అన్న సరుకు కోసం పల్లెలకు పోయిన రోజు నాకు బడి లేనట్టే. వారంలో ఒక రోజనుకున్నది రెండయింది. ఉన్న రోజుల్లో కూడా బండ్లు ఎక్కువైతే "ఉండు పాపా, ఈ ఒక్క లోడు దించనీ" అనేవాడు. నేను సంచీ తగిలించుకుని పైమెట్టు దగ్గర నిలబడి ఎదురుచూసేదాన్ని. మొదటి గంట మోగిపోయేది. హెడ్మిస్ట్రెస్ మంచావిడ. నా మొదటి పీరియడ్ మార్చింది, తర్వాత రెండోది కూడా మార్చింది. ఆ తర్వాత మార్చడానికి ఏమీ మిగలక, ఇంట్లో వాళ్ళతో మాట్లాడి ఏదో ఒక ఏర్పాటు చేసుకోమ్మా అంది. ఇంట్లో వాళ్ళతో ఏం మాట్లాడను? రాజు వచ్చేలా ఎనిమిది పలకలు పెంచి మళ్ళీ కట్టండి అనా? అడిగాను. అదీ అడిగాను. కొత్త మెట్లు పడగొడితే అరిష్టమన్నారు.

ఒకరోజు వాన. అన్న చేతులు తడిగా ఉన్నాయి. ఆయన పట్టు జారింది, నేను జారాను, కింద నిలబడ్డ అమ్మ మీద పడ్డాను. అమ్మ చేతిపట్టు వదలకుండా నన్ను నడుముతో ఆపింది. నాకేమీ కాలేదు. అమ్మ నడుము మాత్రం ఆ తర్వాత మళ్ళీ నిటారుగా నిలబడలేదు. మంచం మీద పడుకుని కూడా, రేపు బడికి ఎట్ల పోతావు పాపా అని నన్నే అడిగింది. ఆవిడ ఒక్కతే అడిగింది. అందుకే ఇక నేను ఆ మెట్ల దగ్గరికి పోలేకపోయాను. కొన్నాళ్ళు సెలవు పెట్టాను. సెలవులు అయిపోయాక రాజీనామా రాశాను. దాన్ని స్కూల్లో ఇచ్చి వచ్చింది నాయనే. వచ్చి, హెడ్మిస్ట్రెస్ చాలా బాధపడిందని చెప్పి, కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

మొదట్లో పదో తరగతి పిల్లలు కొందరు సాయంత్రాలు లెక్కలు తెచ్చుకుని మిద్దె ఎక్కి వచ్చేవాళ్ళు. ఆ మెట్లు వాళ్ళు దడదడా ఎక్కుతుంటే ఆ చప్పుడుకు నా గుండె ఆగినంత పనయ్యేది. పరీక్షలయ్యాయి, వాళ్ళూ రావడం మానేశారు. తర్వాత నేను చేసిందేమిటంటే, బియ్యంలో రాళ్ళు ఏరాను, చింతపండు గింజలు తీశాను, అమ్మకు నడుముకు నూనె రాశాను, పిట్టగోడ పక్కన కూర్చుని వీధిలో పోయేవాళ్ళను చూశాను. అన్న పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఆ మెట్ల మీదే ఎక్కి దిగి ఆడుకున్నారు. ఎవరూ పడలేదు. యముడు రాలేదు, ఆ మాట నిజమే.

కొన్నేళ్ళకు మండీలన్నీ ఊరి బయట మార్కెట్ యార్డుకు తరలాయి. మాది కూడా పోయింది. కాటా, బస్తాలు, హమాలీలు, ఈగలు అన్నీ ఒక్క వారంలో పోయాయి. కింద నేలంతా ఖాళీ. పైనుంచి చేతిపట్టు మీద వంగి చూస్తే గోడ నుంచి గోడ దాకా ఒట్టి నేల, అక్కడక్కడా బెల్లం మరక. ఎన్ని మెట్లు కావాలంటే అన్ని పడతాయి అందులో. అన్న దాన్ని ఎవరికో అద్దెకు ఇవ్వాలని చూస్తున్నాడు. ఇచ్చేలోపు అడగాలనుకున్నాను. మళ్ళీ ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు, ఏదైనా ప్రైవేటు బడిలోనైనా చేరొచ్చు. ఏదీ లేకపోయినా వీధి చివరి దాకా పోయి రావచ్చు, నాకు నేనుగా.

నాయన మిద్దె మీద నీడపట్టున కూర్చుని పేపరు చదువుతున్నాడు. ముసలివాడయ్యాడు, అద్దాలు మందమయ్యాయి. నేను పక్కన కూర్చుని చెప్పాను. కింద ఇప్పుడు చోటుందని, ఈ మెట్లు తీసేసి చిన్న మెట్లు వేయిద్దామని, ఇరవై ఒక్క పలకలు వేస్తే రాజు వస్తాడని, కట్టె కూడా పద్నాలుగు ఘనపుటడుగులకు మించదని, ఉన్న పలకలు అందులోకే పనికొస్తాయని అన్నీ చెప్పాను. ఎన్నేళ్ళుగానో నోట్లో నానుతున్న లెక్క, ఎక్కడా తడబడలేదు. ఆయన పేపరు దించి చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

"ఇప్పుడు దేనికి పాపా?" అన్నాడు. "నువ్వు యాడికీ పోయేదానివి కాదు గదా."

ఎగతాళికి అనలేదు. నా మొహంలోకి చూస్తూ, నిజంగానే తెలియక అడిగాడు. అప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. గొంతు మామూలుగానే వచ్చింది.

"నేను బడికి పోతాంటిని గదా నాయనా."

ఆయన అద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"ఆఁ, అవును గదా" అన్నాడు. "పోతాంటివి."

అద్దాలు పెట్టుకుని మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు.